పున్నమి నాడు కనపడని గుంట

నేను బాపట్లలో ఎక్కిన రేపల్లె బస్సు, చెరుకుపల్లి ఇంకా నాలుగు మైళ్ళుందనగా టైరు పేలి ఆగిపోయింది. ఎనభై ఏడో సంవత్సరం, చలికాలం, మధ్యాహ్నం నాలుగు దాటింది. డ్రైవరు సీట్ల కింద జాకీ వెతుకుతుంటే, కండక్టరు బాపట్ల బస్టాండులో సగంలో వదిలిన తగువును మళ్ళీ అందుకున్నాడు. తగువు ఒక గొట్టం గురించి. బోరుకు దించే తెల్ల ప్లాస్టిక్ పైపు, ఛాతీ ఎత్తుంది. పాత దుప్పట్లో చుట్టి రెండు చోట్ల తాడుతో కట్టి ఉంది. ఒకాయన దాన్ని కాళ్ళ మధ్య నిలబెట్టుకుని, జ్వరం వచ్చిన పిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాడు.

"లగేజీ కొట్టాల్సిందేనండి మాస్టారూ. చెకింగు వాళ్ళొస్తే నా పీకకు చుట్టుకుద్ది."

"నా ఒళ్ళోనే ఉందండి. ఎవరి చోటూ తీసుకోలేదు."

"బోరు పైపుని ఒళ్ళో పెట్టుకునేదేంటండీ! అదేమన్నా మనవడా?"

"బోరు పైపు కాదండి. టెలిస్కోపు."

ఆ మాటతో బస్సంతా నిద్ర లేచింది. తెలియని వస్తువు ఎదురైతే మన జనం ముందు నవ్వుతారు, తర్వాత ధర అడుగుతారు. వెనక సీటులో ఎరువుల కొట్టాయన, "బాబాయ్, అందులోంచి మా అత్తగారిల్లు కనపడుద్దా? ముందే చెప్తే ఇంట్లోనే కూర్చుని చూసేవాణ్ణిగా!" అన్నాడు. పక్కాయన, "ఎంత పెట్టి కొన్నారేంటి?" అన్నాడు. అంతటితో విజ్ఞానశాస్త్రం మీద వాళ్ళ ఆసక్తి తీరిపోయింది. మళ్ళీ టైరు సంగతికొచ్చారు.

గొట్టం మనిషి దిగి రోడ్డు పక్క కల్వర్టు దగ్గరికి నడిచాడు. నలభై నిండని మనిషికి అరవై ఏళ్ళ వాడి భుజాలున్నాయి. ఇస్త్రీ ఎరగని తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్సిళ్ళు, ఒక సగం బ్లేడు. కల్వర్టు గోడ మీద గొట్టాన్ని ఆనించి, కింద ఇటుక ముక్క ఎత్తు పెట్టి, తూర్పున వరికుప్పల పైన వేయించని అప్పడంలా వెలవెలబోతున్న చంద్రుడి వైపు తిప్పాడు.

"పట్టపగలు చందమామేంటండీ?" అన్నాడు కండక్టరు.

"పగలు కూడా ఉంటాడండి. మనమే చూడం."

ఇలాంటి జవాబులంటే నాకు ఒళ్ళు మంట. నేను తిరిగిన ప్రతి ఊళ్ళోనూ ఇలాంటివాడొకడు ఉన్నాడు. ఒకడు నీళ్ళతో మోటారు నడుపుతానంటాడు, ఒకడు రైల్వే టైంటేబులు మొత్తం కంఠతా పట్టి ఉంటాడు, ఒకడు భూమి బల్లపరుపని రుజువు చేసి కలెక్టరుకు ఉత్తరాలు రాస్తాడు. అందరికీ ఒకటే లక్షణం: ఇంటికి ఉప్పు తెమ్మంటే మరిచిపోతారు. ఈయనా ఆ కులంవాడే అనుకుని దగ్గరికి పోయాను. ఆయన గొట్టంలోకి చూసి, నోటుపుస్తకంలో ఏదో రాశాడు. మెడ సాచి చదివాను. "4.20. కనపడలేదు." పావుగంట తర్వాత మళ్ళీ రాశాడు. "4.35. కనపడలేదు."

"ఏంటండీ కనపడంది?" అన్నాను.

"ఒక చిన్న గుంటండి."

"గుంటలకు మన రోడ్ల మీద కరువా?"

ఆయన నవ్వలేదు. హాస్యం అర్థం కాని వాళ్ళంటే నాకు జాలి కలగదు, విసుగు కలుగుతుంది.

జాకీ దొరికింది. స్పేరు టైరులో గాలి లేదు. చెరుకుపల్లికి మనిషిని పంపి, అందరూ గట్టు మీద చతికిలపడ్డారు. పొద్దు గూకి ఆకాశం కాస్త నల్లబడ్డాక ఆయన నన్ను పిలిచాడు. "పెద్దాయనా, ఇప్పుడు రండి. గొట్టాన్ని మాత్రం ముట్టుకోకండి."

చూశాను. చంద్రుడు తలకిందులుగా ఉన్నాడు. వెలుగూ చీకటీ కలిసే అంచుకు కాస్త ఇవతల, నున్నటి బూడిదరంగు మైదానంలో, సగం అరిగిన ఉంగరం లాంటిది ఒకటి ఉంది. లోపల కూడా బయట ఎంత నున్నగా ఉందో అంత నున్నగా ఉంది.

"ఎప్పుడో ఒక పెద్ద రాయొచ్చి పడితే అయిన గుంటండి. తర్వాత చుట్టూ లావా పొంగి, గట్టు తెగిన చోట లోపలికి జొరబడి నింపేసింది. ఇప్పుడు లోతు లేదు. గట్టు కూడా పొట్టిదే. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు నీడను బట్టి తెలుస్తుంది. నెలలో ఒకటి రెండు సాయంత్రాలు. దశమి, ఏకాదశి. ఆ తర్వాత ఎండ నెత్తి మీదికొస్తే అసలున్నట్టే ఉండదు."

"ఏంటి దీని పేరు?"

"పటంలో కీస్ అని ఉందండి. జర్మనీలో ఒక లెక్కల పండితుడిది. పేరు సంగతి నాకు పట్టింపు లేదు."

పేరు పట్టింపు లేనివాణ్ణి మన దేశంలో చూడడం అదే మొదటిసారి. నమ్మలేదు.

ఆయన పేరు ఎజ్రా. కాపురం రేపల్లెలో. చెరుకుపల్లి దాటిన తర్వాత ఒక పల్లెలో మిల్లు వాళ్ళు పెట్టిన హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు. తండ్రి ప్రకాశం వేమూరు పక్క పల్లెలో మిషను బడి పంతులు, లూథరన్ క్రైస్తవుడు. కొడుకు ఒక అబద్ధం చెబితే ఒక కీర్తన మొత్తం కంఠస్థం చెయ్యాలన్నది ఆయన శిక్షాస్మృతి. దాని ఫలితంగా కొడుకుకు పన్నెండేళ్ళకే పాతిక కీర్తనలు వచ్చాయి, ఆ తర్వాత ఒక్కటీ కొత్తది రాలేదు. ఈ సంగతి ఎజ్రా గర్వంగా చెబుతాడు. నాకైతే, పన్నెండేళ్ళకే అబద్ధం మానేసిన మనిషి ఎలా బతుకుతాడా అనిపించింది. ఎలాగో తర్వాత చూశాను: భార్య సంపాదిస్తుంది.

మనుషులు చంద్రుడి మీద దిగిన ఏడు ఎజ్రా బాపట్లలో పంతుళ్ళ ట్రైనింగులో ఉన్నాడు. ఊరంతా ఆ వార్తను మూడు రోజులు నమిలి ఉమ్మేసింది. కొందరు అది స్టూడియోలో తీసిన బొమ్మన్నారు. కొందరు అవన్నీ మన పూర్వీకులకు ముందే తెలుసన్నారు. తెలిసినవాళ్ళు ఎందుకు పోలేదో ఎవరూ అడగలేదు. ఎజ్రా మాత్రం పేపరులో వచ్చిన ఫోటో కత్తిరించి బైబిలులో పెట్టుకున్నాడు. తెనాలిలో ఒక కళ్ళజోళ్ళ కొట్టులో అద్దం కొన్నాడు. బాపట్లలో ఒక కాలేజీ వాళ్ళు పాత సామాను వేలం వేస్తే, అందులో మైక్రోస్కోపు పై ముక్క దొరికింది. ఆ రెంటినీ బోరు పైపుకు బిగించి, డెబ్భై ఆరు నుంచి చంద్రుణ్ణి చూసి బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు.

మొదటి నెలలో ఒక సాయంత్రం ఈ గుంటను గీశాడు. మూడో రోజు మళ్ళీ చూస్తే అది లేదు. చంద్రుడి పటమేదీ చేతిలో లేని రోజులవి. "తప్పు గీశాననుకున్నానండి. లేనిదాన్ని గీశాననుకున్నాను. నెల రోజులు అన్నం సయించలేదు" అన్నాడు ఒకసారి. మరుసటి నెల అదే చోట అది మళ్ళీ కనపడింది. అప్పటి నుంచి దాన్ని వదల్లేదు. పదకొండేళ్ళ నోటుపుస్తకాలు నాకు చూపించాడు. కొన్ని పేజీల్లో చిన్న ఉంగరం బొమ్మ. మిగతా అన్నిటిలో 'కనపడలేదు', 'మబ్బు', 'కనపడలేదు'. ఆ కాలంలో ఇంకో మనిషైతే రెండు భాషలు నేర్చుకునేవాడు, నాలుగు మామిడి మొక్కలన్నా పెంచేవాడు. ఈయన లేదు, లేదు అని రాసుకోవడానికి కాగితం కొన్నాడు.

ఆ తర్వాత ఏడాదికో రెండేళ్ళకో అటు వెళ్ళినప్పుడల్లా ఎజ్రా వరండాలో నా సంచి దించేవాణ్ణి. భార్య రిబ్కా ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఇంట్లో తెలివైన మనిషి ఆవిడే.

"పెద్దాయనా, చందమామలో గుంట ఎంత వెడల్పో ఈయన్నడగండి, అంగుళాలతో సహా చెప్తాడు. గుమ్మం ముందు గుంట ఎంత లోతో అడగండి. నిన్న అందులో పడి నా చెప్పు తెగింది."

"ఎల్లుండి పూడుస్తానన్నాగా" అనేవాడు ఎజ్రా.

"ఎల్లుండి ఏకాదశండీ! ఎల్లుండి మీరు దొరుకుతారా?"

ఆ వెడల్పు సంగతి చెప్పాలి. ఎజ్రా ఇంట్లో గుంటూరు జిల్లా పటం ఉండేది. దాని మీద వృత్తలేఖినితో ఒక గీత గీశాడు. గీత సరిగ్గా తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు ఊళ్ళ మీదుగా పోయింది. "గుంట సైజు ఇంతేనండి. నలభై అయిదు కిలోమీటర్లు. ఈ మూడు ఊళ్ళూ గట్టు మీద ఉంటాయి. పొన్నూరు, వేమూరు, చెరుకుపల్లి లోపల మునుగుతాయి. చంద్రుడి మీద ఇది చిన్నదే."

నేను చాలాసేపు ఆ గీతను చూశాను. ఆ గీత లోపల పుట్టి, ఆ గీత లోపలే పెళ్ళి చేసుకుని, తెనాలి నాటకాలకు ఒకసారి, బాపట్ల సముద్రానికి ఒకసారి పోయొచ్చి, లోకం చూశామనుకుని చచ్చిపోయే లక్షలాది మనుషులు ఉన్నారు. వాళ్ళలో ఎకరం గట్టు మీద జానెడు జరిగితే గొడ్డళ్ళు తీసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళందరూ పట్టేది ఒక చిన్న గుంటలో. ఆ ఒక్క విషయంలో ఎజ్రా పని నాకు నచ్చింది.

ఇక పేర్ల సంగతి. ఎజ్రాకు చేతిలో ఇంకో విద్య ఉంది. అక్షరాలు అందంగా రాస్తాడు. మన డెల్టాలో ఆ విద్యకు ఏడాది పొడుగునా గిరాకీ, ఎందుకంటే ఇక్కడ పేరు రాయించకుండా ఎవడూ మంచినీళ్ళు కూడా పొయ్యడు. పూర్వం ఒక రాజు మడిచెక్క దానమిచ్చి రాతి మీద చెక్కించి, ఈ దానం చెరిపినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడని కింద ఒక శాపం పెట్టించేవాడు. సరే, మడిచెక్కన్నా ఇచ్చాడు. ఇప్పటివాళ్ళు ట్యూబులైటు ఇచ్చి, దాని మీదే దాత పేరు, దాత తండ్రి పేరు రాయిస్తారు. వెలుతురు సగం పేర్లే తాగేస్తాయి. ఫ్యాను ఇస్తే మూడు రెక్కల మీదా రాయిస్తారు. తిరిగేటప్పుడు ఎవరికీ చదవడానికి రాదు. కరెంటు పోయి జనం చెమటలు కక్కుతున్నప్పుడే దాతకు కీర్తి. చర్చిలో మాత్రం తక్కువా? ఒక రేవు ఊళ్ళో చర్చి బల్లల వీపుల మీద దాతల పేర్లు ఉబ్బెత్తు రంగుతో రాయించారు. ఎండాకాలం ఆరాధన అయి లేచేసరికి విశ్వాసుల చొక్కాల మీద ఆ పేర్లు అచ్చు పడేవి. ఇవన్నీ ఎజ్రా చేతి రాతలే. ఎవరి పేరు చెబితే వాళ్ళది రాసేవాడు. అతను కాదన్నట్టు నేను వినలేదు.

తొంభై మేలో వచ్చిన గాలివానకు మిల్లు వాళ్ళ హైస్కూలు కప్పు లేచిపోయింది. కొత్తగా సైన్సు గది కట్టారు. స్కూలు నడిపే కరస్పాండెంటు బసవేశ్వరరావు. ఆయనకు తెనాలిలో ఒకటి, బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి మిల్లులు. వాళ్ళ నాన్న నరసింహం సైకిలు మీద పల్లె పల్లె తిరిగి ధాన్యం కొని ఇదంతా సంపాదించాడు. బతికున్నన్నాళ్ళూ ఆయన్ను వెనక గదిలో పడుకోబెట్టి, పోయాక ముందు గదిలో నిలువెత్తు ఫోటో పెట్టారు. సైన్సు గదికి ఆయన పేరే. అంతటితో ఆగితే నేనీ సంగతి రాసేవాణ్ణే కాదు.

ఎజ్రాను ఆఫీసుగదికి పిలిపించినప్పుడు హెడ్మాస్టరు జనార్దనరావు అక్కడే ఉన్నాడు. జరిగింది నాకు తర్వాత నటించి మరీ చూపించాడు.

"ఏమయ్యా ఎజ్రా, చందమామలో నీకో గుంటుందటగా?"

"నాది కాదండి. చూస్తుంటానంతే."

"ఎంతుంటుందది?"

లోకజ్ఞానం ఉన్నవాడైతే 'చాలా పెద్దదండి' అని ఊరుకుంటాడు. ఎజ్రా గోడకున్న జిల్లా పటం మీద చేత్తో గుండ్రంగా గీసి చూపించాడు. తెనాలి, బాపట్ల, రేపల్లె. బసవేశ్వరరావు కుర్చీలోంచి లేచాడట.

"ఇదంతా మా నాన్న సైకిలు తొక్కిన ఏరియాగా! మూడు చోట్లా మన మిల్లులేగా! ఇంకేం, నాన్నగారి పేరు పెట్టెయ్ దానికి."

"పటంలో వేరే పేరుందండి."

"ఎవడిది?"

"ఎవరో జర్మన్ ఆయనదండి."

"ఆయనెప్పుడన్నా చెరుకుపల్లి వచ్చాడా?"

జనార్దనరావు ఇక్కడ నవ్వాడట. హెడ్మాస్టర్ల ఉద్యోగంలో అదొక భాగం.

"గోడ మీద రాయమంటే రాస్తానండి" అన్నాడు ఎజ్రా.

"గోడ మీద చందమామ బొమ్మ గీసి రాయి. ప్రారంభం రోజు నీ గొట్టం తెచ్చి అందరికీ చూపించు. నీ ఫైలు ఉందిగా, దాని మీద స్టేజీ మీదే, నలుగురి ముందు సంతకం పెడతా."

ఆ ఫైలు గురించి తెలియాలి. ఎజ్రా తొమ్మిదేళ్ళుగా టెంపరరీ. యాజమాన్యం సంతకం చేసి పంపితే ఆ పోస్టు ప్రభుత్వం జీతమిచ్చే ఎయిడులోకి వస్తుంది, ఉద్యోగం పర్మినెంటు అవుతుంది. తొమ్మిదేళ్ళుగా ఆ కాగితం బల్ల సొరుగులోనే ఉంది. వచ్చే జూన్ దాటితే ఎజ్రాకు వయసు అడ్డొస్తుంది, ఇక ఎప్పటికీ రాదు.

"దశమి నాడు పెట్టుకోండి సార్, బాగా కనపడుద్ది" అన్నాడు ఎజ్రా.

"సగం కొరికిన చంద్రుణ్ణి చూపించి నాన్నగారి పరువు తీస్తావా? మాఘ పున్నమి పెట్టు. నిండు చంద్రుడు. గుంట కూడా నిండుగా కనపడుద్ది."

"పున్నమి నాడు అది కనపడదు సార్."

"ఇంత పిసరు చంద్రుడిలో కనపడింది, అంత చంద్రుడిలో కనపడదా? ఏం చదువయ్యా నీది!"

ఇది మూర్ఖత్వం అనడానికి కూడా లేదు. అక్కడ ఎవరిని అడిగినా అదే చెబుతారు. పున్నమి అంటే అన్నీ బాగా కనపడే రోజు. పెళ్ళి ఊరేగింపుకీ, చేపల వలకీ, గడ్డివాము కాపలాకీ అది నిజమే. ఎజ్రా రెండుసార్లు చెప్పి ఊరుకున్నాడు. తొమ్మిదేళ్ళ టెంపరరీ ఉద్యోగం మనిషి నోటిని అక్కడికి కుదిస్తుంది.

మాఘ పున్నమి ముందు రోజు నేను రేపల్లెలో దిగాను. ఎజ్రా చేతులకు ఇంకా తెల్లరంగు ఉంది. గోడ మీద దశమి చంద్రుణ్ణి ఆరడుగుల వెడల్పున గీసి, ఉంగరం పక్కన 'కీ.శే. నరసింహం గారి బిలము' అని రాసొచ్చాడు. రిబ్కా మా ఇద్దరికీ టీ ఇచ్చి గుమ్మంలో కూర్చుంది.

"మీరన్నా చెప్పండి పెద్దాయనా. పదిహేనేళ్ళు చూశాడు. ఒక్క రోజు ఉందని అనడానికి ఈయనకేం?"

"ఉందిగా. ఉందనే అంటా" అన్నాడు ఎజ్రా.

"మరింకేంటండీ?"

"కనపడుతోందా అని అడిగితే?"

"అబ్బా, అంత తెలివిగా అడిగేవాళ్ళు ఎవరొస్తారండీ అక్కడికి? పున్నమి పెట్టుకున్న వాళ్ళేగా అందరూ!"

నేనూ నా వంతు చెప్పాను. గుంటకు లేని పేరు గోడ మీద రాసినవాడికి, లేని చూపు ఒకటి చెప్పడానికి అడ్డమేమిటని అడిగాను. పుస్తకాలు చదివిన మనిషిని, ఉదాహరణలు కూడా ఇచ్చాను. చరిత్రలో ఎంతెంతవాళ్ళు ఒక్క 'చిత్తం'తో ప్రాణాలు నిలుపుకున్నారో చెప్పాను. ఎజ్రా గోటితో రంగు గీక్కుంటూ విన్నాడు.

"గోడ ఆయనదండి. కన్ను నాది" అన్నాడు.

రిబ్కా టీ గ్లాసులు తీసుకుని లోపలికెళ్ళింది. సామాన్లు కాస్త గట్టిగానే సర్దింది.

మరుసటి సాయంత్రం స్కూలు ఆవరణలో షామియానా, కుర్చీలు, మైకు. ఉపన్యాసాలు నేను వినలేదు, ఎక్కడైనా అవే. ఏడు గంటలకు చంద్రుడు తూర్పున కొబ్బరిచెట్ల మీదికొచ్చాడు. ఎజ్రా రెండు బల్లల మీద గొట్టాన్ని సర్ది పక్కన నిలబడ్డాడు. స్టేజీ బల్ల మీద ఫైలు తెరిచి ఉంది. బసవేశ్వరరావు జేబులో పెన్ను మూత అప్పటికే తీసి ఉంది, చొక్కా మీద సిరా మరక పడింది.

ముందు విద్యాశాఖ నుంచి వచ్చిన అధికారి వంగి చూశాడు. "ఆ, కనపడిందండి. రెండు కనపడుతున్నాయే! నాన్నగారిది ఏది?"

"పెద్దది" అన్నాడు బసవేశ్వరరావు తడుముకోకుండా.

"పెద్దదే చూశాను. గంభీరంగా ఉంది."

తర్వాత జనార్దనరావు. "అద్భుతం సార్. గుండ్రంగా, ఇత్తడి పళ్ళెంలా..." ఆయన చూసింది మొత్తం చంద్రుణ్ణి. ఆ తర్వాత బ్యాంకు మేనేజరు, ఇద్దరు సర్పంచులు, ఒక కాంట్రాక్టరు. అందరికీ కనపడింది. కాంట్రాక్టరుకు గుంటలో నీళ్ళు కూడా కనపడ్డాయి. నన్ను ఎజ్రా గారి తాలూకు పెద్దమనిషని పిలిచారు. వంగాను. కొత్తగా సున్నం వేసిన గోడ మీద మిట్టమధ్యాహ్నం ఎండ పడితే ఎలా ఉంటుందో అలా ఉంది. కళ్ళు చెమర్చాయి. ఆ మైదానం ఎక్కడుందో కూడా ఆనవాలు తెలియలేదు. లేచి, "బ్రహ్మాండం" అన్నాను. స్పష్టంగా, అందరికీ వినపడేలా అన్నాను.

ఎజ్రా నా వైపు చూశాడు. అంతమంది అబద్ధమాడినప్పుడు వాళ్ళ మొహాలు చూడని మనిషి, నా మొహం చూశాడు.

చివర్న సుబ్బరత్నమ్మగారిని తీసుకొచ్చారు. నరసింహం భార్య, డెబ్భై ఐదు దాటిన మనిషి, కంటికి ఆపరేషనై లావుపాటి కళ్ళద్దాలు. అద్దాలు తీసి చూసింది, పెట్టుకుని చూసింది.

"తెల్లగా ఉంది. ఏం కనపట్టంలా."

"నీ కంటికి ఆపరేషనైందిగా అమ్మా, అందుకు" అన్నాడు కొడుకు.

"ఏంట్రా! మీ నాన్న కనపడకపోతే నా కన్ను పాడైందంటావా? పొద్దున్నే బియ్యంలో రాళ్ళేరాను." ఆవిడ ఎజ్రా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు నాయనా. ఉందా?"

"ఉందండి అమ్మగారూ."

బసవేశ్వరరావు ఫైలు దగ్గరికి నడిచి పెన్ను తీశాడు. మైకు పట్టుకున్నవాడు మైకు ఎజ్రా వైపు జరిపాడు. రెండో వరసలో రిబ్కా, పండగ చీర కట్టుకుని, పర్సు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"ఉంటే ఉంది. నీకు కనపడుతోందా?" అంది సుబ్బరత్నమ్మ.

ఎజ్రా గొట్టం వైపు చూడలేదు. చంద్రుడి వైపూ చూడలేదు. మెడ వంచి నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండింది. ఒక్క అక్షరం, అక్షరం కూడా కాదు, తల ఒకసారి ఆడిస్తే చాలు. జీవితమంతా లేదు లేదని రాసుకున్న మనిషికి, అవును అనడం చేతకాదని అప్పుడే తెలిసింది.

"లేదండి. ఇవాళ ఎవరికీ కనపడదు. నాక్కూడా."

మైకులో ఆ మాట షామియానా అంతా తిరిగింది.

"మిట్టమధ్యాహ్నం దూరం నుంచి పొలం గట్లు తెలుస్తాయాండీ? పొద్దుటో సాయంత్రమో నీడ పడితే తెలుస్తాయి. ఇదీ అంతే. దశమికి రమ్మంటే నేనొచ్చి చూపిస్తానండి" అన్నాడు.

సుబ్బరత్నమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చుట్టూ చూసింది. అధికారిని, సర్పంచుల్ని, కాంట్రాక్టరుని, నన్ను.

"మరి వీళ్ళందరికీ ఏం కనపడిందంట?"

వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత పిల్లలూ, ఆడవాళ్ళూ నవ్వారు. బసవేశ్వరరావు పెన్నుకు మూత పెట్టాడు. నెమ్మదిగా, మర తిప్పి పెట్టాడు. "జనార్దనరావ్, ఆ ఫైలు లోపల పెట్టించండి" అన్నాడు. జనార్దనరావు కరస్పాండెంటు మాట దాటే మనిషి కాదు. తనే రెండు చేతులతో ఎత్తుకుని లోపలికి తీసుకుపోయాడు. అధికారి గడియారం చూసుకున్నాడు. మైకువాడు దేశభక్తి పాట పెట్టాడు.

జనం టిఫిన్ పొట్లాల వైపు తోసుకుపోయారు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు ఎజ్రా దగ్గరికి రాలేదు. పది నిమిషాల ముందు చంద్రుడి మీద నీళ్ళు చూసిన కాంట్రాక్టరు, తనకు మొదటి నుంచీ అనుమానమేనని ఇడ్లీ తింటూ చెబుతున్నాడు.

నేను ఎజ్రా దగ్గరికి పోయాను. గొట్టాన్ని దుప్పట్లో చుడుతున్నాడు.

"ఎజ్రా గారూ, నేనలా అన్నది మీ కోసమేనండీ. ఆ సంతకం పడాలని. మీకే అర్థం కాదు, ఎంత చెప్పినా..."

మొదటి ముడి వేశాడు. తాడు కొస పళ్ళతో లాగి రెండో ముడి వేశాడు. నేను చెబుతూనే ఉన్నాను. ఇలాంటి నిజాయితీ అహంకారంలో ఒక రకమనీ, దాని ఖరీదు భార్య కట్టాలనీ, ఇంకా చాలా అన్నాను. రిబ్కా వచ్చింది. ఆవిడ మొహం చూస్తే ఆయన్ని ఏదో ఒకటి అంటుందనుకున్నాను. పర్సు చంకలో పెట్టుకుని గొట్టం వెనక కొస అందుకుంది. ముందు కొస ఎజ్రా భుజాన వేసుకున్నాడు.

నా సంచి రేపల్లెలో వాళ్ళ వరండాలో ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఎజ్రా రమ్మని అనలేదు, ఉండమని అనలేదు, వస్తానని కూడా అనలేదు. గేటు దాటి కాలవ రోడ్డెక్కి, ముందు ఆయన, వెనక ఆవిడ, మధ్యలో ఆ గొట్టం, రేపల్లె వైపు నడిచిపోయారు.